పెన్నకు ఆ కొసా ఈ కొసా

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. వక్త భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్న పిల్లలు కాస్త ముందుకు రండి. మైకు ఒకసారి పలుకుతోంది, ఒకసారి పలకడం లేదు. నా గొంతు కూడా అంత పెద్దది కాదు.

"మిమ్మల్ని మలిచిన నేలల గురించి చెప్పండి సార్" అని మీ అధ్యాపకులు అడిగారు. ప్రకృతి వర్ణన నాకు చేతకాదు. కొండ కనిపిస్తే అందం కంటే ముందు అది ఏ రాయి, పగుళ్ళు ఎటువైపు పోతున్నాయి అని చూసే ఉద్యోగం చేశాను. కాబట్టి మీరు వినబోయేది నీళ్ళ సంగతే. నేను పుట్టింది పెన్న ఇసుక పక్కన. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉన్నది అదే పెన్న సముద్రంలో కలిసే చోట. ఏటికి ఈ కొసన నేర్చుకున్నది ఆ కొసన పనికిరాలేదు. ఆ కొసన నేర్చుకున్నది మాత్రం తిరిగొచ్చాక ఇక్కడ బాగా పనికొచ్చింది.

పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. హిందూపురం దిక్కు నుంచి మన పాత జిల్లాలోకి వస్తుంది. పామిడి, తాడిపత్రి దాటి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుని పోతుంది. సిద్ధవటం కోట పక్క నుంచి సాగి, సోమశిల దగ్గర కొండలు దాటి, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. పటంలో మొదటి నుంచి చివరిదాకా నీలం గీతే గీస్తారు. మన దగ్గర అది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక. నిజం చెప్పాలంటే పెన్నను ఏరు అనిపించింది కడప జిల్లానే. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, చెయ్యేరు, సగిలేరు అన్నీ అక్కడే వచ్చి కలుస్తాయి. కడప పిల్లలు ఎవరైనా ఉంటే చప్పట్లు కొట్టుకోవచ్చు.

మా ఊరు పామిడికీ తాడిపత్రికీ నడుమ. ఎండాకాలం పొద్దున్నే మా అవ్వ, అమ్మ బిందెలు తీసుకుని ఏట్లోకి పోయేవాళ్ళు. ఇసుక తోడితే రెండు మూడడుగులకే తడి తగులుతుంది. ఇంకాస్త తోడి కూర్చుంటే నీళ్ళు మెల్లగా ఊరతాయి. మొదట మురికిగా వస్తాయి. వాటిని చిప్పతో తీసి పారబోసి, తేటబడ్డాక ముంచుకోవాలి. ఆ చెలమ దగ్గర తొందర పనికిరాదు. ఒకరి బిందె నిండేదాకా ఇంకొకరు కూర్చోవాలి. ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తేలేవి. ఏ ఇంట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, అన్నీ.

ఊట కాలువ అని ఇంకొకటి ఉండేది. మీలో ఎంతమంది చూశారో! ఏటి ఇసుకలో ఏటవాలుగా పొడుగాటి కాలువ తవ్వుతారు. ఇసుక లోపల కదిలే నీళ్ళు దాంట్లోకి ఊరి, పారుతూ ఒడ్డు మీది మడులకు చేరతాయి. మోటర్ లేదు, కరెంటు లేదు, ఏతం కూడా లేదు. వరద వచ్చినప్పుడల్లా ఇసుక కమ్మేస్తుంది. నీళ్ళు తగ్గాక ఇంటికొక మనిషి పారతో రావాలి, మళ్ళీ తీయాలి. రానివాడి మడికి నీళ్ళు లేవు. ఎండిన ఏటి కింద నీళ్ళు కదులుతుంటాయని మా ఊళ్ళో బడికి పోనివాళ్ళకు కూడా తెలుసు. నేను దాన్ని చాలా తర్వాత ఇంగ్లీషు పుస్తకంలో చదువుకున్నాను.

ఇసుక ఎందుకు అంత ముఖ్యమో ఒక్క లెక్క చెప్తాను, రాసుకోండి. ముతక ఇసుక నూరు పాళ్ళు నీళ్ళలో నానితే, అందులోంచి సుమారు ఇరవై పాళ్ళ నీళ్ళు మనకు తిరిగి ఇస్తుంది. మన జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్ళు. పైన కుళ్ళిన రాతిపొరలో ఒకటి రెండు, మహా అయితే మూడు పాళ్ళు. దాని కింద గట్టిరాయిలో పగుళ్ళు దొరికితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. ఇంకో సంగతి. చెరువులో నిలబెట్టిన నీళ్ళను మన ఎండ తాగేస్తుంది. ఇసుకలో మూడు నాలుగు అడుగుల కింద ఉన్న నీళ్ళ జోలికి ఎండ అంతగా పోదు.

మనకు వాన తక్కువ ఎందుకో మీరు పరీక్షల్లో రాసే ఉంటారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే దులిపేసుకుని వస్తాయి. ఈశాన్యం మన దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. దాని మీదే పాత జిల్లాలో లక్షల ఎకరాల్లో శనక్కాయ వేశాం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత మాకు సామెత కాదు, క్యాలెండరు. ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవడమే. ఆ గంపలు ఇప్పుడు బ్యాగులయ్యాయి, పోయే ఊరు బెంగళూరయింది.

మా నాయనకు కపిల బావి ఉండేది. రెండెద్దులు మోట లాగితే ఎకరమో ఎకరంన్నరో తడిసేది. ఎద్దులు అలిసిపోతాయి కాబట్టి బావి కూడా రాత్రికి తేరుకునేది. ఆయిల్ ఇంజను వచ్చింది, తర్వాత కరెంటు మోటరు వచ్చింది. వాటికి అలుపు లేదు. బావి అడుగంటింది. బావిలో బోరు వేశారు. అదీ ఎండింది. చేను మధ్యలో బోరు. మొదట నూటయాభై అడుగులు, తర్వాత మూడు వందలు, ఆరు వందలు, కొన్ని చోట్ల వెయ్యి. బోరు బండి వచ్చిందంటే ఊరంతా చుట్టూ చేరేది. తెల్లదుమ్ము లేస్తున్నంతసేపూ ఎవరూ నోరు విప్పరు. బండి మనిషి అడుగుతాడు: "ఇంకో నూరడుగులు పోనీమంటావా పెద్దాయనా?" కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అప్పటిదాకా పెట్టిన డబ్బంతా ఆ గుంతలోనే ఉంది కదా. పోనీ అంటాడు. చీనీ (బత్తాయి) తోట పెట్టినవాడి టెన్షన్ ఇంకా పెద్దది. శనక్కాయ పోతే ఒక ఏడు పోతుంది, చీనీ చెట్టు ఎండితే పెంచిన ఏళ్ళన్నీ పోతాయి. అందుకే టాంకర్లతో తోలి చెట్లు కాపాడుకున్నవాళ్ళున్నారు.

ఇంకా లోతుకు పోతే నీళ్ళుంటాయి. ఇది మా కొసన నేర్చుకున్న పాఠం. చదువూ అదే చెప్పింది, ఊరూ అదే చెప్పింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించే ఆయన కూడా అదే చెప్పేవాడు. మా శాఖ యంత్రాలతో ఆయనకు పోటీ ఉండేది. నీళ్ళు పడితే ఆయన గొప్ప, పడకపోతే మా తప్పు. అది వేరే కథ.

ఆ బుర్రతోనే నెల్లూరు కోస్తాకు పోయాను.

అక్కడ వాన వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కళ్ళ ముందు సముద్రం. పక్కన బకింగ్‌హాం కాలువ. ఇటు ఇస్కపల్లి దిక్కున ఉప్పు కొటార్లు, దక్షిణాన పులికాట్ సరస్సు. చూసిన చోటల్లా నీళ్ళే. అలాంటి చోట ఒక పట్టపుపాళెంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, ఆడవాళ్ళు ఇసుక దిబ్బ వెనక చెలమ తీసి చిప్పతో నీళ్ళు ముంచుతున్నారు. అచ్చం మా అవ్వలాగే కూర్చుని, అచ్చం అలాగే మాట్లాడుకుంటూ. సముద్రం అంత దగ్గర ఉంటే నీళ్ళు ఉప్పగా ఉంటాయనుకున్నాను. ఒక పెద్దామె చిప్ప ఇచ్చింది. తియ్యటి నీళ్ళు! మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు తాగి పెరిగిన నోటికి అవి ఇంకా తియ్యగా అనిపించాయేమో.

నా చదువు ఊరుకోదు కదా. "ఇంకో నాలుగడుగులు దించుకుంటే మీకు బిందె తొందరగా నిండుతుందమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. "లోతుకు పోతే సముద్రం తగులుద్ది అబ్బయ్యా" అంది.

ఆమె చెప్పినదానికి సైన్సు ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఒక డచ్ ఇంజనీరు, 20వ శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ ఇంజనీరు విడివిడిగా ఈ లెక్క తేల్చారు. వాళ్ళు బాడన్ గైబెన్, హెర్జ్‌బర్గ్. తీరంలో ఇసుక కింద వాన నీళ్ళు, ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, పప్పు మీద నెయ్యి తేలినట్టు. సముద్రపు నీళ్ళు కాస్త బరువు. అందుకని సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళుంటే కింద సుమారు నలభై అడుగులు ఉంటాయి. వినడానికి బాగుంది. కానీ ఆ లెక్క రెండు వైపులా కోస్తుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పునీళ్ళు నలభై అడుగులు పైకి జరగడానికి సిద్ధమవుతాయి. బోరు సరిగ్గా కింద అయితే ఉప్పునీళ్ళు గుమ్మటంలా లేస్తాయి. ఒకసారి లేచాక మోటరు ఆపినంత మాత్రాన దిగవు. ఎన్నో వానాకాలాలు పడుతుంది.

అందుకే ఆ తీరంలో పాత రైతులు బావి తవ్వరు, దొరువు తవ్వుతారు. వెడల్పుగా, లోతు లేకుండా ఇసుకలో ఒక గుంట. అందులో దిగి కుండలతో ముంచి కూరగాయ మళ్ళకు, నారుకు పోసేవాళ్ళు. బాపట్ల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు ఈ దొరువునే పట్టుకుని బాగుచేశారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపొర నీళ్ళు మాత్రమే ఒక తొట్టిలోకి వచ్చేట్టు. నిలువుగా దిగరు, అడ్డంగా పోతారు. నేను మా ఊట కాలువను మళ్ళీ చూసింది అక్కడే, ఇంజనీరింగ్ డ్రాయింగులో.

2004 డిసెంబరు 26, ఆదివారం, సునామీ వచ్చింది. ఆ రోజు జరిగినవి నేను ఇక్కడ చెప్పను. తర్వాత మా పని ఏమిటో అది చెప్తాను. కెరటం దాటిన చోటల్లా బావుల్లో, చెలమల్లో ఉప్పునీళ్ళు నిండిపోయాయి. సాయానికి వచ్చినవాళ్ళు మంచి మనసుతో మోటర్లు పట్టుకొచ్చారు. తోడి పారేస్తే ఉప్పు పోతుందని లెక్క. గంటలకు గంటలు తోడారు. కొన్ని బావులు మునుపటికంటే ఉప్పగా తయారయ్యాయి. పైన పడ్డ ఉప్పును తీయబోయి కిందిదాన్ని లాగారు. మేం ఊరూరా తిరిగి చెప్పింది ఒకటే: బావిలో నిలిచిన నీళ్ళు ఒక్కసారి, మెల్లగా తీసి వదిలేయండి, మిగతాది వానకు వదలండి. సాయం చేయడానికి వచ్చినవాడితో "చేయొద్దు" అనడం ఎంత కష్టమో మీరు ఊహించలేరు. పాళెం పెద్దలు మాత్రం మా మాట ముందే నమ్మారు. వాళ్ళకు ఇది కొత్త కాదు, తుఫాను ఉప్పెనలు చూసినవాళ్ళు.

తుఫాను అన్నాను కాబట్టి ఒక మాట. చిన్నప్పుడు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మా నాయన రేడియో పక్కనే ఉండేవాడు. "బంగాళాఖాతంలో అల్పపీడనం" అని వినబడగానే ఆయన ముఖం వికసించేది. శనక్కాయ ఊడలు దిగి కాయ ఊరే టైముకు అదొక్కటే మా ఆశ. నెల్లూరు తీరంలో అదే మాట వింటే తెప్పలు పైకి లాగుతారు, పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచితే ప్రభుత్వ లెక్కల్లోనే చచ్చిపోయినవాళ్ళు పదివేల దాకా ఉన్నారు. మా అవ్వ వయసు అడిగితే కరువులతో చెప్పేది. గంజి కేంద్రాల నాటికి నాకు ఇద్దరు బిడ్డలు అనేది. అక్కడి ముసలమ్మలు తుఫాన్లతో చెప్తారు. రేడియోలో ఆ మాట విన్నప్పుడు లోపల రెండు రకాలుగా కదలడం నాకు ఇప్పటికీ పోలేదు. సంతోషించాలో, అక్కడి ఇళ్ళు గుర్తొచ్చి భయపడాలో తెలీదు.

2021 నవంబరులో ఆ రెండూ ఒకేసారి అయ్యాయి. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు ఒక్కసారే పొంగాయి. సరిగ్గా నవంబరు 19నే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ నీళ్ళన్నీ పోవాల్సింది సోమశిల మీదుగా నెల్లూరుకే. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్నాను. ఇటు మా ఊరి నుంచి "పెన్నలో ఇంత నీళ్ళు మేం చూళ్ళేదన్నా" అని ఫోను, అటు నెల్లూరు నుంచి "ఎంత వస్తది సార్?" అని ఫోను. ఎండాకాలంలో ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉండే రెండు కొసల్ని ఆ వారం ఏరే కలిపి చూపించింది.

బకింగ్‌హాం కాలువ గురించి కూడా ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 1876 నుంచి 78 దాకా మన సీమను ధాత కరువు ఊడ్చేసింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో గానీ విడిపోలేదు. ఆ కరువులోనే మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే ముక్కను కరువు పనిగా తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. దాని గట్టు మీద స్కూటర్ నడుపుతున్నప్పుడల్లా నాకు అది నీళ్ళ కాలువగా కంటే కరువు కాలువగానే కనిపించేది. కొందరు దాన్ని చూసి ఎంత అందం అంటారు. అందమే, కాదనను.

కోస్తాలో కూడా లోతు జూదం ఉంది. దాని పేరు రొయ్యలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య నెల్లూరు తీరాన్ని ఊపేసింది. వరి మడులు గుంటలయ్యాయి. గుంటలోకి ఉప్పునీళ్ళు కావాలి, దాన్ని పలచన చేయడానికి మంచినీళ్ళూ కావాలి. ఆ మంచినీళ్ళు బోర్లతో లాగారు. పక్క పాళెంలో చెలమ ఉప్పగా మారింది. 1994-95లో తెల్లమచ్చల జబ్బు వచ్చి రొయ్య తేలిపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట ఇష్టమొచ్చినట్టు గుంటలు తవ్వడాన్ని తప్పుబట్టింది. తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చాక మళ్ళీ మొదలు. అప్పులపాలైన రొయ్యల రైతు ఒకాయన నాతో మాట్లాడుతుంటే మా ఊరి బోరు రైతు మాట్లాడుతున్నట్టే ఉండేది. "ఈ పంట ఒక్కటి తగిలితే చాలు సార్" అనేవాడు. మా ఊరివాడు ఈ బోరు ఒక్కటి పడితే చాలంటాడు. బ్యాంకూ ఇద్దరికీ అప్పిచ్చింది, ఇద్దరికీ నోటీసులూ పంపింది. రైతును తిట్టడం నాకు ఇష్టం ఉండదు. పంట బీమా సరిగా లేని చోట, గిట్టుబాటు లేని చోట, లోతు తప్ప ఇంకో దారి చూపించనిది ఎవరు?

అనంతపురానికి బదిలీ అయి వచ్చాక నేను గ్రామసభల్లో "ఇక లోతుకు పోకండి" అని చెప్పడం మొదలుపెట్టాను. "సముద్రం ఒడ్డున ఉండొచ్చి మాకు చెప్తావా సామీ!" అని ఒకాయన అంటే సభ గొల్లుమంది. అప్పటికే 2002లో వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి కావాలి, పాత బోరుకు దూరం పాటించాలి, ఏటి ఇసుక తవ్వడానికీ హద్దులున్నాయి. కాగితం మీద అది మంచి చట్టమే. ఊళ్ళో అమలు ఎలా ఉందో మీ ఇంటి పెద్దల్ని అడగండి. చట్టం కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఒక రాయి. కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు శాసనం ఉంది, 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రెండేళ్ళు రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసి కట్టారట. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో రాశారు. ఉప్పు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఇంకొకటి. తుంగభద్ర తగాదాలు చూశాక దీన్ని చదివితే నవ్వొస్తుంది. నీళ్ళు కొంచెమై సాగు భూమి ఎక్కువ కావడం మరో దోషం. ఆ ఒక్క దోషమే మన జిల్లా అంతా చేసింది. గ్రామసభలో అది చదివి వినిపిస్తే ఎవరూ నవ్వలేదు.

చేయగలిగింది ఏమిటంటే, మళ్ళీ పైపొరకు రావడం. వంకల్లో ఇసుక ఉన్న చోట కింది గట్టిరాయి దాకా అడ్డంగా కందకం తీసి, బంకమట్టితోనో ప్లాస్టిక్ షీటుతోనో గోడ కట్టి పూడ్చేస్తారు. పైకి ఏమీ కనిపించదు. ఇసుక లోపల కదిలే నీళ్ళు ఆగి, పక్క బావులు తేరుకుంటాయి. ఎండ తాగదు, భూమి మునగదు, శిలాఫలకానికి మాత్రం చోటు దొరకదు. అందుకే నాయకులకు పెద్దగా నచ్చదేమో.

ఇసుకే లేకపోతే ఇదంతా వృథా. మీరు బొమ్మనహాళ్, కణేకల్ వైపు పోతే హగరి ఏటి ఇసుక గాలికి లేచి చేల మీద దిబ్బలు పోసిన చోట్లు కనిపిస్తాయి. దర్గా హొన్నూరు దగ్గర నిలబడితే, నాకైతే నెల్లూరు తీరంలో ఉన్నట్టే ఉంటుంది, పడమటి గాలిలో సముద్రం వినిపించకపోవడం ఒక్కటే తేడా. అక్కడ ఇసుక ఎక్కువై బాధ. మా పెన్నలో ఇసుక పోయి బాధ. లారీలతో, ట్రాక్టర్లతో గట్టిరాయి తేలేదాకా తోడేశారు. మా ఊట కాలువ ఉన్న చోట ఇప్పుడు బండ కనిపిస్తుంది. ఏడడుగుల ఇసుక పట్టి ఉంచే నీళ్ళు లేకపోయాక, వాన వచ్చిన రోజు ఏరు పారుతుంది, మర్నాటికి ఎండుతుంది. చెలమ తీయడానికి చోటు లేదు. నేను దీన్ని దొంగతనం అనే అంటాను. అనుమతి కాగితం ఉన్నా సరే.

మీలో జియాలజీ, జాగ్రఫీ చదివేవాళ్ళకు ఒక పని చెప్తాను. మండలాల్లో మా శాఖవాళ్ళు నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు ఉన్నాయి. పొడుచుకొచ్చిన ఇనప గొట్టం, మూత, తాళం. చాలామంది దాన్ని పాడుబడ్డ బోరు అనుకుంటారు. ఆ కొలతలు తీసుకోండి, మీ మండలంలో పదేళ్ళ వానను పక్కనే పెట్టి గీయండి. రెండు గీతలూ కలిసి లేస్తూ దిగుతుంటే ఆ ఊరు ఇంకా పైపొర నీళ్ళ మీదే బతుకుతోందని అర్థం. వాన బాగా పడినా నీటి గీత దిగుతూనే ఉంటే, ఆ ఊరికి పోయి ఏం పంట వేశారో, ఎన్ని బోర్లు పడ్డాయో, ఎవరు ముందు వేశారో అడగండి. ఎవరు ముందు వేశారనేది తప్పకుండా అడగండి, అసలు కథ అక్కడే ఉంటుంది.

మీ సార్ గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. బోరు పాయింటు చూపించమని మాత్రం అడగొద్దు. నేను రిటైరయ్యాను, కొబ్బరికాయ పట్టుకోవడం కూడా రాదు.